ఉమ్మడి ఇంటి పనిలో వాటా: తెలంగాణ రాష్ట్ర మహిళా కమిషన్‌కు బహిరంగ లేఖ



1998 నాటి మహిళా కమిషన్ చట్టం ద్వారా ఏర్పడి, రాష్ట్ర విభజన తరువాత తెలంగాణలోనూ కొనసాగుతున్న కమిషన్‌కు స్త్రీల ఫిర్యాదులు వినడంతో పాటు, వారి స్థితిగతులను పరిశీలించి ప్రభుత్వానికి సిఫారసులు చేసే బాధ్యత కూడా ఉంది. ఆ రెండవ బాధ్యతను ఉద్దేశించిన ఈ లేఖ విషయం పైకి చిన్నదిగా కనిపించవచ్చు. ఉమ్మడి ఇంట్లో అత్తాకోడళ్లు ఇంటి పనిని ఎలా పంచుకోవాలి అన్నది ఆ విషయం. కుటుంబ సలహా కేంద్రాల్లో ఈ ప్రశ్న వచ్చినప్పుడు కోడలికి సర్దుకుపొమ్మని, అత్తకు చూసీచూడనట్టు పొమ్మని చెప్పి పంపడం దశాబ్దాలుగా సాగుతున్న పద్ధతి. ఆ సలహా ఇచ్చేవారి సదుద్దేశాన్ని శంకించనక్కర లేదు గాని, అది రోగం ఉన్నచోట మందు వేయడం లేదు. పని పంపకం కుదరకపోవడానికి కారణం ఇద్దరు స్త్రీల స్వభావాల్లో కన్నా, ఆ ఇంటి పని మొత్తం ఎంతో ఎన్నడూ లెక్కకు రాకపోవడంలోను, ఆ లెక్కలో మగవారి పేర్లు లేకపోవడంలోను ఎక్కువగా ఉంది. లెక్క లేని మొత్తాన్ని ఇద్దరికే పంచబోతే ఎవరి వాటా వారికి బరువుగానే తోస్తుంది.

ఈ లేఖ హైదరాబాదులోని అబిడ్స్, నాంపల్లి ప్రాంతాల ఇళ్లను ముందుంచుకుని రాసినది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ నడిపిన దుకాణం పేరుతో స్థిరపడిన అబిడ్స్, 1907లో రైల్వే స్టేషన్ వచ్చిన నాంపల్లి, నగరంలో కాపురమూ వ్యాపారమూ ఒకే గోడను పంచుకునే చోట్లు. చిరాగ్ అలీ లేన్, బొగ్గులకుంట, హనుమాన్ టేక్డీ, ట్రూప్ బజార్, స్టేషన్ రోడ్డు వంటి వీధుల్లో కింద దుకాణం, మీద ఇల్లు అన్న పద్ధతి ఇప్పటికీ కనిపిస్తుంది. తెలుగు కుటుంబాల పక్కనే మార్వాడీ, గుజరాతీ, కాయస్థ, ముస్లిం కుటుంబాలు రెండు మూడు తరాలుగా ఉంటూ, భాష వేరైనా అత్త, కోడలు, కొడుకు, మనుమలు ఒకే కప్పు కింద బతికే అలవాటును సమానంగా కాపాడుకుంటూ వచ్చాయి. ఇరుకైన చోట, అద్దెలు పెరిగిన చోట, దుకాణానికి ఇంటి మనుషులే ఆధారమైన చోట ఉమ్మడి కాపురం ఆచారంగానే కాక అవసరంగా కూడా నిలిచింది.

ఇటువంటి ఇంటి వంటగది గడియారం మామూలు ఇళ్ల గడియారంతో సరిపోలదు. ఈ వీధుల చుట్టుపక్కల ఉన్న సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలు, రోజరీ కాన్వెంట్, లిటిల్ ఫ్లవర్ వంటి బడులకు వెళ్లే పిల్లల డబ్బాలు తెల్లవారగానే సిద్ధం కావాలి. దుకాణం తెరిచే వారికి పది గంటల లోపు టిఫిను, మధ్యాహ్నం ఒకరి తరువాత ఒకరు మెట్లెక్కి వచ్చి తినిపోయేందుకు వేడి అన్నం, షట్టరు దించిన తరువాత రాత్రి పదికో ఆపైనో మళ్లీ వడ్డన కావాలి. అంటే ఆరుగురో ఎనిమిదిమందో ఉన్న ఇంట్లో పొయ్యి దగ్గర ఎవరో ఒకరు ఉండవలసిన సమయం పొద్దున ఆరు నుంచి రాత్రి పదకొండు దాకా సాగుతుంది. తెల్లవారుజాము పని సాధారణంగా కోడలి పాలు, రాత్రి ఎదురుచూపు అత్త పాలు. ఇద్దరికీ నిద్ర తక్కువే. అయినా ఎవరి కంటికి వారి మేలుకొలుపే కనిపిస్తుంది, ఎందుకంటే రెండవ మనిషి మేలుకుని ఉన్న సమయానికి మొదటి మనిషి పడుకుని ఉంటుంది.

దీనికి చుట్టాల రాకపోక కలుస్తుంది. స్టేషన్ దగ్గర ఇల్లు ఉన్నవారి గుమ్మం ముందుగా తట్టడం జిల్లాల నుంచి వచ్చే బంధువులకు సహజం. 1953లో వెలసిన నిలోఫర్ ఆసుపత్రిలో పసిబిడ్డను చేర్పించిన వారు, నాంపల్లి కోర్టులో వాయిదాకు వచ్చినవారు, 1938లో మొదలై, ఇప్పుడు సాధారణంగా జనవరి మొదటి రోజుల నుంచి ఫిబ్రవరి నడిమి దాకా సాగే నుమాయిష్ ప్రదర్శన చూడవచ్చినవారు ఈ ఇళ్లలోనే స్నానం చేసి, చాయ్ తాగి, ఒక పూట తిని, ఒక్కొక్కసారి వారం ఉంటారు. ఆ ఆదరణ ఈ ప్రాంతపు గౌరవం, దానిని ఎవరూ వదులుకోమనరు. కాని బిడ్డ జ్వరంతో వచ్చిన బంధువుకు రెండు పూటలా డబ్బా కట్టి పంపే శ్రమ ఎవరి ఖాతాలో పడుతుందో ఏ ఇంట్లోనూ ముందుగా అనుకోరు. నల్లా నీళ్ల సంగతీ అటువంటిదే. చాలా బస్తీల్లో నీళ్లు రోజు విడిచి రోజు, ఆ గంటా ఈ గంటా వస్తాయి గనుక, ఆ గంటకు ఇంట్లో ఒక మనిషి కట్టుబడి ఉండాలి. సంపు, మోటారు ఉన్న ఇళ్లకు ఆ కట్టుబాటు కొంత తగ్గింది. డ్రమ్ములు నింపుకునే పాత వాటాల్లో తగ్గలేదు.

ఇక్కడ కొన్ని మాటలకు అర్థం స్పష్టం చేసుకోవడం అవసరం. హిందూ ధర్మశాస్త్ర సంప్రదాయంలో ఉమ్మడి కుటుంబం అంటే ప్రధానంగా ఉమ్మడి ఆస్తి. ఆ ఆస్తి వ్యవహారాలు చూసే పెద్దను కర్త అంటారు. జన్మతః వచ్చే వాటా ఎవరికెంత అన్న చర్చ శతాబ్దాల పాటు సాగింది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం 1986లో సవరణ చేసి కూతుళ్లకు ఆ వాటాలో హక్కు కల్పించగా, దేశమంతటికీ అది 2005లో వచ్చింది. సామాజికశాస్త్రం దృష్టి వేరు. ఏ.ఎమ్. షా వంటి పండితులు కుటుంబం అన్న విశాలమైన మాట నుంచి, కలిసి ఒకచోట ఉంటూ వండుకు తినే సమూహాన్ని విడదీసి చూడాలని 1970లలో వాదించారు. జనగణన శాఖ కూడా గృహాన్ని అలాగే నిర్వచిస్తుంది: సాధారణంగా కలిసి నివసిస్తూ ఒకే వంటగది నుంచి భోజనం చేసే వ్యక్తుల సమూహమే ఒక గృహం. అంటే ప్రభుత్వం దృష్టిలో ఒక ఇంటిని ఇల్లుగా నిలబెడుతున్నది వంటగది. ఆ వంటగదిని నడిపే స్త్రీ మాత్రం, జీతం వచ్చే పని మరేదీ లేకపోతే, అదే జనగణనలో పని చేయనివారి పట్టీలోకి వెళుతుంది. ఇంటి పని చేసేవారిని 2001 జనగణన యాచకులతో, ఖైదీలతో ఒకే వర్గంలో చేర్చిన తీరును 2010లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఒకరు తీవ్రంగా ఆక్షేపించారు. ఆస్తిలో వాటాకు ఇంత శాస్త్రం పుట్టిన నేల మీద పనిలో వాటాకు ఒక్క పేజీ కూడా పుట్టలేదు.

ఇంటి పని అన్న మాట కింద మూడు వేర్వేరు బాధ్యతలు కలిసిపోయి ఉంటాయి. చేతితో చేసేది మొదటిది: ఊడవడం, తుడవడం, వండడం, వడ్డించడం, బోళ్లు తోమడం, బట్టలు ఆరేసి మడతపెట్టడం. రెండవది నిర్ణయం: ఈ పూట ఏ కూర, ఎన్ని గ్లాసుల బియ్యం, చుట్టానికి ఏం పెట్టాలి, ఏ డబ్బు దేనికి ఖర్చు పెట్టాలి అన్నది, దీనినే తెలుగిళ్లలో పెత్తనం అంటారు. మూడవది గుర్తుపెట్టుకోవడం: గ్యాసు ఎప్పటికి అయిపోతుంది, మామగారి మాత్రలు ఇంకా ఎన్ని ఉన్నాయి, పెరుగు తోడుపెట్టారా, రేపు పిల్లవాడికి బడిలో ఏం అడిగారు. ఫ్రెంచి సామాజికవేత్త మోనిక్ ఐకో 1984లో ఈ మూడవదానికి మానసిక భారం అన్న పేరు పెట్టి, ఆఫీసులో కూర్చున్నప్పుడు కూడా ఇల్లు స్త్రీ తలలోనే ఉంటుందని విశదీకరించారు. కోడలు ఇంటికి వచ్చిన కొద్ది నెలల్లో మొదటి బాధ్యతలో పెద్ద భాగం చేతులు మారుతుంది. రెండవది మారదు. మూడవది ఇద్దరి మీదా సగం సగం పడి, ఏ సగం ఎవరిదో తేలకుండా ఉండిపోతుంది. వంటింటి గొడవల్లో చాలా వాటి పుట్టుక ఇక్కడే; ఉప్పు ఎక్కువైందన్న మాట నిజానికి ఉప్పు గురించి కాదు, ఆ ఉప్పు వేయడానికి ఎవరికి అధికారం ఉందన్న దాని గురించి.

అత్త వైపు నుంచి చూస్తే పెత్తనం వదలకపోవడానికి బలమైన కారణం ఉంది, దానిని మొండితనం అని కొట్టిపారేయడం అన్యాయం. ఇవాళ అరవైల్లో, డెబ్బైల్లో ఉన్న స్త్రీలలో చాలామంది చిన్న వయసులో పెళ్లయి, తమ అత్తల కింద ఇరవై ముప్పై ఏళ్లు పని చేసి, ఇల్లు తమ పేరున లేక, దుకాణం తమ పేరున లేక, బ్యాంకు ఖాతా ఉన్నా అందులో తమదంటూ డబ్బు లేక, చివరికి వంటింటి తాళంచెవి ఒక్కటే తమదిగా సంపాదించుకున్నారు. దానిని కూడా ఇచ్చేస్తే తమకు ఆ ఇంట్లో మిగిలేది కొడుకు పెట్టే అన్నం తినే స్థానమే అని వారికి తెలుసు. ఉద్యోగికి పదవీ విరమణ ఉంది, పింఛను ఉంది. ఇంట్లో పనిచేసిన స్త్రీకి విరమణ అంటే ఆధారపడటమే. అందువల్ల మోకాళ్లు సహకరించకపోయినా ఆమె పొయ్యి దగ్గరికి వస్తుంది, వచ్చి చేయలేక చెబుతుంది, చెప్పడం కోడలికి ఆజ్ఞగా వినిపిస్తుంది.

పైగా ఆమె చేసే పనిలో చాలా భాగం కూర్చుని చేసేది గనుక పనిగా కనిపించదు. బియ్యం ఏరడం, చింతపండు గింజ తీయడం, వెల్లుల్లి ఒలవడం, బడి నుంచి వచ్చిన పిల్లలను కనిపెట్టుకుని ఉండడం, పాలవాడికి, కేబుల్ వాడికి, చుట్టానికి తలుపు తీయడం, కోడలు ఉద్యోగంలో ఉన్న ఆ తొమ్మిది గంటలూ ఇంటికి మనిషిగా ఉండడం, ఇవన్నీ ఒక్క రోజు ఆగిపోతే తప్ప ఎవరికీ లెక్కకు రావు. సంక్రాంతికి సకినాలు చుట్టే నేర్పు సంగతి చెప్పనే అక్కర్లేదు: కొత్త బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, వేళ్ల మధ్య నుంచి పిండిని మెలి తిప్పుతూ గుడ్డ మీద చుట్టు వెనక చుట్టు పోయడం ఏళ్ల సాధన మీద వచ్చే విద్య. ఆ రోజు ఇంట్లో పెద్దామెకు దక్కే గౌరవం ఏడాది పొడుగునా ఆమె చేసే చిన్న పనులకు దక్కదు. దక్కి ఉంటే కోడలి పనిని గుర్తించడం కూడా ఆమెకు ఇంత కష్టం అయ్యేది కాదేమో.

కోడలి వైపు నుంచి చూసినా అంతే బరువు ఉంది. ఈ ప్రాంతంలోని బ్యాంకుల్లో, బడుల్లో, ఆసుపత్రుల్లో, వస్త్ర దుకాణాల్లో, ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేసే స్త్రీ పొద్దున ఇంటి పని ముగించుకుని బయలుదేరి, సాయంత్రం తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నపు బోళ్లు, మడత పెట్టని బట్టలు ఎదురుగా ఉంటాయి. ఆదివారం సెలవు అన్నది ఆమెకు వారమంతా లేనందుకు చెల్లించుకునే బాకీగా మారుతుంది. ముట్టు, మడి పాటించే ఇళ్లలో నెలలో మూడు రోజులు ఆమె వంటగదికి దూరం కాగా, ఆ మూడు రోజుల పని మొత్తం వయసు మళ్లిన అత్త మీద పడుతుంది. ఆ ఇళ్లలో అదే గదికి, అదే పొయ్యికి మగవాడు దూరంగా ఉండవలసిన రోజు పంచాంగంలో ఒక్కటీ లేదు, అయినా అతడు ఏడాదంతా దూరంగానే ఉంటాడు. ఇద్దరు కోడళ్లున్న చోట తోటికోడళ్ల మధ్య, తెలంగాణ మాటలో యారాండ్ల మధ్య, ఎవరు ఎక్కువ చేశారన్న పోలిక తోడవుతుంది. ఉద్యోగం చేసే కోడలు డబ్బు తెస్తోందని, ఇంట్లో ఉండే కోడలు ఖాళీగా ఉందని జరిగే పోలిక ఇద్దరినీ సమానంగా గాయపరుస్తుంది.

యంత్రాలు వచ్చాక ఇంటి పని తగ్గిందన్న వాదనను అమెరికన్ చరిత్రకారిణి రూత్ శ్వార్ట్జ్ కోవన్ 1983లో వెలువరించిన తన గ్రంథంలో పరీక్షకు పెట్టి, యంత్రాలు తొలగించిన పనుల్లో పెద్ద భాగం మగవారివి, పిల్లలవి అని, స్త్రీలకు మిగిలిన పని మిగిలే ఉందని చూపించారు. ఆమె రాసింది అమెరికా గురించి. హైదరాబాదు పాత ఇళ్లకు అది ఎంత సరిగా అన్వయిస్తుందో గమనించదగినది. కట్టెలు కొట్టడం, బొగ్గు బస్తా మోయడం, గోధుమలు, మిరపకాయలు డబ్బాలో పోసుకుని గిర్నికి వెళ్లి పట్టించుకు రావడం, రేషన్ దుకాణంలో కిరోసిన్ వరుసలో నిలబడడం, మొజంజాహి మార్కెట్టు నుంచి సంచీ నిండా కూరగాయలు తేవడం ఇంటి మగవారికి, ఎదిగిన పిల్లలకు కొంతైనా పనిగా ఉండేవి. గ్యాసు వచ్చి కట్టెలు పోయాయి, పొట్లాల్లో పిండి వచ్చి గిర్ని ప్రయాణం తగ్గింది, ఫోను నొక్కితే కూరగాయలు గుమ్మంలోకి వస్తున్నాయి. మగవాడి వాటా ఇలా కరిగిపోయినప్పుడు దాని స్థానంలో మరొక పని అతడి చేతికి ఎవరూ ఇవ్వలేదు.

జాతీయ గణాంక కార్యాలయం సమయ వినియోగ సర్వే ఈ సంగతిని నిమిషాల్లో చెబుతోంది. ఒక మనిషి ఒక రోజు తెల్లవారుజాము నాలుగు గంటల నుంచి మరునాడు నాలుగు గంటల దాకా ఏ సమయంలో ఏం చేశారో అడిగి రాసుకునే సర్వే ఇది. 2019 సర్వే ప్రకారం ఇంటివారి కోసం జీతం లేని ఇంటి పని ఏదో ఒకటి చేసిన స్త్రీలు 81.2 శాతం కాగా పురుషులు 26.1 శాతం, చేసినవారిలోనైనా స్త్రీలు సగటున రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. 2024 సర్వేలో ఆ సగటులు 289, 88 నిమిషాలుగా ఉన్నాయి. అంటే అయిదేళ్లలో స్త్రీల సమయం పది నిమిషాలు తగ్గితే, పురుషుల సమయం కూడా దాదాపు అంతే తగ్గింది. ఈ సర్వే చేతి పనిని కొలవగలిగింది గాని పెత్తనాన్ని, గుర్తుపెట్టుకోవడాన్ని పెద్దగా కొలవలేదు.

న్యాయస్థానాలు ఈ పనికి విలువ కట్టిన సందర్భాలు ఎక్కువగా ఆ పని చేసే మనిషి చనిపోయిన తరువాతనే వచ్చాయి. 1989 మార్చి 3న జంషెడ్‌పూర్‌లో జరిగిన అగ్నిప్రమాద బాధితుల పరిహారం కేసులో, అంటే లతా వాధ్వా కేసులో, సుప్రీంకోర్టు 2001లో తీర్పు చెబుతూ 34 నుంచి 59 ఏళ్ల గృహిణుల సేవ విలువను నెలకు 3,000 రూపాయలుగా నిర్ణయించింది. 62 నుంచి 72 ఏళ్ల స్త్రీలకు అప్పటికి ఏడాదికి 10,000గా లెక్కించినది మరీ తక్కువని 20,000కు పెంచింది. పెంపు న్యాయమైనదే. అయినా ఆ లెక్కలో అత్త వయసున్న స్త్రీ ఏడాది శ్రమ, కోడలి వయసున్న స్త్రీ ఏడాది శ్రమలో సగానికి కొంచెం పైగా నిలిచింది. 2021 జనవరి 5న ప్రమాద పరిహారానికి చెందిన కీర్తి కేసులో, సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఎన్.వి. రమణ విడిగా రాసిన తీర్పులో పైన చెప్పిన 2019 సర్వే అంకెలను ఉదహరించి, ఇంట్లో పనిచేసే స్త్రీ పనిచేయనట్టు భావించడం తప్పని, ఆ శ్రమకు ఆదాయం కట్టడం సమానత్వం వైపు ఒక అడుగు అని స్పష్టం చేశారు. ఈ విలువ ప్రమాద పరిహారం కోసం పుట్టింది. బతికి ఉన్న స్త్రీల మధ్య పని పంచడానికి దానిని ఎవరూ వాడలేదు.

బతికి ఉన్నవారి వివాదం న్యాయస్థానానికి చేరేసరికి అది నేరంగా మారి ఉంటుంది. నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో వేధింపు కేసులు, అంటే ఒకప్పటి శిక్షాస్మృతి 498ఏ సెక్షన్, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయసంహిత 85, 86 సెక్షన్ల కింద వచ్చేవి, గృహహింస నిరోధక చట్టం కింద వచ్చేవి నడుస్తుంటాయి. కుటుంబం కోసం ఇంటి పని చేయమని వివాహితను అడగడం ఆమెను పనిమనిషిగా చూడటంతో సమానం కాదని బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం 2022 అక్టోబరులో చెప్పింది. కారణం లేకుండా భర్తను తల్లిదండ్రుల నుంచి వేరుచేయాలని పట్టుబట్టడం క్రూరత్వమని నరేంద్ర కేసులో సుప్రీంకోర్టు 2016లో చెప్పింది. అదే ఏడాది హీరల్ హర్సోరా కేసు తీర్పు వల్ల గృహహింస చట్టం కింద స్త్రీ మీద కూడా, అంటే కోడలి మీద అత్త కూడా, ఫిర్యాదు చేసే దారి తెరుచుకుంది. 2020లో సతీశ్ చందర్ ఆహుజా కేసులో అత్తమామల పేరున ఉన్న ఇల్లైనా కోడలికి నివాస హక్కు ఉండవచ్చని తేలింది. వీటన్నిటినీ కలిపి చదివితే ఒక సంగతి తెలుస్తుంది. కారణం లేకుండా వేరుకాపురం పెట్టమని గట్టిగా అడగకూడదు, ఇంట్లో ఉండే హక్కు ఉంది, పని చేయమనడం నేరం కాదు, ఒకరి మీద ఒకరు కేసు పెట్టుకోవచ్చు. కలిసి ఉన్నంత కాలం పని ఎలా పంచుకోవాలన్న దానిపై చట్టం మౌనంగా ఉంది. స్పెయిన్ దేశం 2005లో తన పౌరస్మృతిని సవరించి, దంపతులు ఇంటి బాధ్యతలను, పిల్లలతో పాటు పెద్దల సంరక్షణను కూడా పంచుకోవాలని వివాహ ధర్మాల్లో చేర్చింది. అటువంటి వాక్యం భారతీయ వివాహ చట్టాల్లో లేదు.

పనిమనిషిని పెట్టుకుంటే సరిపోతుందన్న సమాధానం తరచు వినిపిస్తుంది. బోళ్లు, బట్టలు, ఊడవడం, తుడవడం వరకే ఆమెకు జీతం. వంట, వడ్డన, పెద్దల సేవ, పిల్లల చదువు, చుట్టాలు ఆ జీతంలో లేవు. ఆమె రాని రోజు ఆ నాలుగు పనులూ ఎవరివి అన్న తగాదా మళ్లీ అత్తాకోడళ్లదే. ఆమె కూడా మరొక ఇంటి కోడలో, అత్తో అన్న సంగతి కూడా గుర్తుంచుకోవలసినదే. ఒక ఇంటి ఇబ్బందిని తక్కువ జీతానికి మరొక ఇంటికి పంపడం పంపకం కాదు.

పని రాసుకోవడం మొదలుపెడితే ఇంట్లో ప్రేమ పోతుందన్న అభ్యంతరం ఇంకొకటి. దీనికి సమాధానం ఉమ్మడి ఇళ్ల ఆచారంలోనే ఉంది. తోటికోడళ్లున్న ఇళ్లలో వంట వంతులు పెట్టుకోవడం తరతరాలుగా ఉంది: ఈ వారం పెద్దకోడలిది, వచ్చే వారం చిన్నకోడలిది, పండుగ రోజు అందరిదీ. వంతు అంటే ముందుగా ఒప్పుకున్న వరుస. ఎవరి వంతు వారికి తెలుసు గనుక రోజూ అడగవలసిన, అలగవలసిన పని తగ్గుతుంది. వంతు ఉన్న ఇళ్లలో ప్రేమ తగ్గిందని ఎవరూ అనలేదు. ఆ వంతుల్లో లోపం ఒక్కటే: వాటిలో స్త్రీల పేర్లు మాత్రమే ఉన్నాయి. దుకాణంలో పొద్దంతా నిలబడి వచ్చిన కొడుకు అలిసిపోయి ఉంటాడన్నది నిజం. బ్యాంకు నుంచి వచ్చిన కోడలు, పొద్దున నుంచి మనుమలను పట్టుకున్న అత్త కూడా అలిసిపోయే ఉంటారు. దుకాణంలో సరుకు లెక్క రాసే చేతికి ఇంట్లో సరుకు లెక్క రాయడం కష్టం కాదు. కంచాలు తీసి తోమడం, నీళ్లు పట్టడం, తండ్రి మందులు చూడడం, రాత్రి ఆలస్యంగా తినేవారు తమకు తాము వడ్డించుకోవడం ఏ మగవాడికీ చేతకాని పనులు కావు.

అందువల్ల ఈ లేఖ కమిషన్‌ను కోరేది ఇది. గృహహింస నిరోధక చట్టం 14వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ ఆదేశించే కౌన్సెలింగులో, బాధిత స్త్రీలకు సాయపడేందుకు 2016లో హాకా భవన్‌లో మొదలైన భరోసా కేంద్రంలో, అటువంటి సఖి కేంద్రాల్లో, కమిషన్ స్వయంగా జరిపే విచారణల్లో ఇంటి పని గురించిన మాట వచ్చిన ప్రతిసారీ, సలహా చెప్పడానికి ముందు ఆ ఇంటి ఒక పూర్తి రోజు పనిని, తెల్లవారుజాము నుంచి మరునాటి తెల్లవారుజాము దాకా, ఒక కాగితం మీద రాయించాలి. చేసే మనిషి పేరు ఒక గడిలో, నిర్ణయించే మనిషి పేరు మరొక గడిలో, గుర్తుపెట్టుకునే మనిషి పేరు ఇంకొక గడిలో ఉండాలి. కూర్చుని చేసే పనులు, పిల్లలను కనిపెట్టుకుని ఉండే గంటలు, చుట్టాల పని, నల్లా దగ్గర నిలబడే సమయం అన్నీ అందులోకి రావాలి. ఆ కాగితం రాసే రోజు భర్త, మామగారు, ఇంట్లో ఎదిగిన మగపిల్లలు తప్పనిసరిగా హాజరు కావాలి, ఎందుకంటే వారు లేని గదిలో జరిగే పంపకం మళ్లీ ఇద్దరు స్త్రీల మధ్యనే ఆగిపోతుంది. అత్త చేతి నుంచి పని తీసుకున్నప్పుడు ఆమె గౌరవాన్ని, ఇంటి ఖర్చులో ఆమెకంటూ కొంత డబ్బును నిలబెట్టడం, కోడలి చేతికి పని ఇచ్చినప్పుడు ఆ పని మీద నిర్ణయం కూడా ఇవ్వడం ఒప్పందంలో భాగం కావాలి. హింస జరిగిన చోట ఈ కాగితం చట్టానికి ప్రత్యామ్నాయం కాదు. అక్కడ చట్టమే ముందు నడవాలి.

ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, పెద్ద ఖర్చు అక్కర్లేదు. కౌన్సెలర్లకు ఇచ్చే శిక్షణలో ఒక పూట, విచారణ పత్రాల్లో ఒక పేజీ చాలు. 2027 మార్చి 1ని ఆధార తేదీగా పెట్టుకున్న జనగణనలో ఒకే వంటగది లెక్కన ఇళ్లను గుర్తించేటప్పుడు, ఆ వంటగదిలో పనిచేసేవారిని పని చేయనివారిగా రాయవద్దని రాష్ట్ర ప్రభుత్వం ద్వారా కేంద్రానికి సిఫారసు చేసే అధికారం కూడా కమిషన్‌కు ఉంది. ఆ సిఫారసు పంపాలని, దానికోసం ఎదురుచూడకుండా ఆ ఒక్క పేజీని తన కౌన్సెలింగ్ పత్రాల్లో ఈ ఏడాదే చేర్చాలని, ఆ పేజీ నింపే రోజున ఇంటి మగవారిని కూడా పిలిపించి కూర్చోబెట్టాలని కమిషన్‌కు ఈ లేఖ విజ్ఞప్తి చేస్తోంది.